మరదలు బంధువు కాదంట

"మరదలు బంధువు కాదా? ఎవురప్పా ఆ రూలు రాసినోడు? వానికి మేనమామ లేడా?"

పావగడ బస్టాండు వెనక ఆడిటర్ నరసింహయ్య ఆఫీసులో కాటప్ప గొంతు చించుకుంటున్నాడు.

భూమంతా సోలార్ పార్కుకు లీజుకిచ్చాక కాటప్పకు చేతిలో పని లేదు. ఇప్పుడు ప్యానెళ్లు కడిగే కాంట్రాక్టు వచ్చేలా ఉంది. నెలాఖరులోగా సొంత ట్రాక్టర్లు, నీళ్ల ట్యాంకర్లు చూపించాలి, లేకపోతే అది ఇంకొకడికి పోతుంది. మేనమామ కూతురు హొన్నూరమ్మ పెళ్లి చేసుకోకుండా పన్నెండేళ్లుగా కువైట్‌లో వంటపని చేస్తోంది. ఆమె ఫోన్ చేసి, "ముప్పై లక్షలు నేనిస్తా బావా, తిరిగివ్వద్దు. ముందు పన్ను సంగతి నరసింహయ్యను అడుగు" అంది.

"అమ్మ, నాయన, అక్కచెల్లెండ్లు, అన్నదమ్ములు ఇస్తే పన్ను లేదు. మేనమామ ఇచ్చినా లేదు, కానీ మీ మామ పోయినాడు గదా. మేనమామ కూతురు ఇస్తే మాత్రం ఉండాది," అన్నాడు ఆడిటర్. "దగ్గర దగ్గర ఐదు లక్షలు కట్టాల."

"ఐదు లక్షలా!" అని కాటప్ప టేబుల్ మీద గుద్దాడు. టీకి పది రూపాయలివ్వాలన్నా ప్రాణం పోయే మనిషి. ఎవరు పెళ్లి మాటెత్తినా షామియానా ఖర్చు లెక్కగట్టి, నలభై రెండేళ్లొచ్చినా బ్రహ్మచారిగానే ఉండిపోయాడు.

"ఇంకేం దావ లేదా సామీ?"

నరసింహయ్య తీరిగ్గా కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "పెండ్లాం ఇస్తే ఒక్క రూపాయి కూడా కట్టే పని లేదు."

కాటప్ప కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. గుడిలో తాళి కట్టి రిజిస్టర్ చేయించుకుంటే ఎంతవుతుందో అడిగాడు. నమ్మకం కుదరక ఇంకోసారి అడిగాడు. అక్కడి నుంచే ఫోన్ చేశాడు.

"హొన్నూరమ్మా, ఐదు లక్షలు మిగిలే దావ దొరికినాది. నన్ను పెండ్లి చేసుకుంటావా?"

అవతల ఏదో సన్నటి చప్పుడు వినబడింది. ఏడ్చిందో నవ్విందో కాటప్పకు తెలియలేదు. "టికెట్టు తీస్తాండా," అంది.

పదో రోజు పావగడలో పెళ్లయిపోయింది. ఇరవై మందికి చిత్రాన్నం పెట్టారు. "సర్కారుకే టోపీ పెట్టినా!" అని కాటప్ప కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఆ సంతోషంలో జన్మలో చేయని పని చేశాడు. ఆడిటర్ చేతిలో ఐదొందల నోటు పెట్టబోయాడు.

నరసింహయ్య ఆ నోటు వెనక్కి తోశాడు. "వద్దప్పా, నువ్వొస్తే ఈ పెండ్లాం రూలు చెప్పమని హొన్నూరమ్మ పోయిన నెలే కువైట్ నుంచి నాకు ఫీజు పంపించినాది."