నోరు మెదపని కంపైలర్

"ఊరికే వచ్చింది ఊరికే పోతాదమ్మా. కంపెనీదే తీసుకుందాం," అంటూ రాఘవేంద్ర ల్యాబ్ బల్ల మీదే పెన్ను మూత తీశాడు.

లెక్చరర్ లక్ష్మీదేవి గబగబా బల్ల దగ్గరికి వచ్చింది. ఆ సంతకం పడిందంటే, రాసిన ప్రోగ్రాంను కంప్యూటర్‌కు అర్థమయ్యే భాషలోకి మార్చే కంపైలర్ యూనివర్సిటీకి బెంగళూరు కంపెనీది వస్తుంది. శాఖ స్తోమతకు అది ఒక్క కంప్యూటర్‌కే కొనగలరు. ఒకడు కీబోర్డు ముందు కూర్చుంటే మిగతా క్లాసంతా వాడి వీపు చూస్తూ ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి. ఆమె తెప్పించుకున్న కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన సీడీలో ఉచిత కంపైలర్ ఉంది. అదైతే ల్యాబంతా వేసుకోవచ్చు.

"రెండూ పక్కపక్కన నడిపి చూడండి సార్. ఆనక మీ ఇష్టం."

"చూద్దాం మేడమ్, మాకేం భయం?" కంపెనీ మనిషి దివాకర్ టై సర్దుకున్నాడు.

రాఘవేంద్ర లెక్కల ప్రొఫెసర్. కంప్యూటర్ శాఖ కొత్తగా ఆయన నెత్తిన పడింది. చొక్కా జేబులోంచి ఓ ఫ్లాపీ తీసిచ్చాడు.

"మన జిల్లాలో ఏడాదికి ఎంత వాన పడిందో కూడే ప్రోగ్రాం ఇది. కానీండి."

ఉచిత కంపైలర్ వెంటనే తెర మీద హెచ్చరిక పడేసింది. దివాకర్‌ది కిక్కురుమనలేదు.

"చూస్తివా? నీదాంట్లో తప్పు వచ్చినాది. ఆయప్పదాంట్లో ఒక్కటీ లేదు."

"తప్పు కంపైలర్‌ది కాదు సార్, ప్రోగ్రాంది. కూడేముందు మొత్తాన్ని సున్నా చేయడం మరిచిపోయినారు. నాది ఆ మాట చెప్తాండాది. ఆయనది చెప్పకుండా మింగేసినాది. కావాలంటే నడపమనండి."

దివాకర్ మీట నొక్కాడు. జవాబు చూసి రాఘవేంద్ర కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"ముప్పై వేల మిల్లీమీటర్లా? ఏమప్పా, కళ్యాణదుర్గం శెనక్కాయ రైతులకు మోడాల కోసం ఆకాశం చూసి చూసి మెడలు పట్టుకుండాయి. నువ్వు జిల్లానే ముంచేస్తివే."

లక్ష్మీదేవి హెచ్చరిక చూపిన వరుసను సరిచేసి తన కంప్యూటర్లో నడిపింది. నాలుగు వందల చిల్లర.

"ఇదీ మన బతుకు," అన్నాడు రాఘవేంద్ర.

దివాకర్ ముఖం మాడిపోయింది. "మా సరుకులో లోపం లేదు సార్. రాసినవాడెవడో గానీ వాడికి ఓనమాలు కూడా రావు. అలాంటివాణ్ణి కంప్యూటర్ దరిదాపులకు రానివ్వకూడదు."

రాఘవేంద్ర పెన్నుకు మూత పెట్టేశాడు.

"ల్యాబంతా నీదే వెయ్యమ్మా. పిల్లోళ్లందరూ కూర్చోవాల."

లక్ష్మీదేవి సీడీ తీసుకుని గెలిచిన ముఖంతో మొదటి కంప్యూటర్ వైపు కదిలింది.

"అది కాదు. ముందు నా గదిలోదానికి ఎక్కించు. ఆ ఓనమాలు రానోడు కూర్చునేది ఆడనే."