సింహాసనానికి పొట్టికాలు

“తెగపెద్ద సింహాసనం. పవిత్ర చిహ్నాలు చెక్కినది. సామాన్యులు తాకరాదు,” అని అద్దాల పెట్టె పక్కనున్న పలకను చదివి వినిపించింది మనవరాలు.

అమ్మమ్మ పకపకా నవ్విన నవ్వుకి ఆదివాసీ చరిత్ర, సంస్కృతి మ్యూజియం మూడో గదిలో జనమంతా ఇటు తిరిగారు.

“సింహాసనమా, నా మొహమా. దీనిమీద కూర్చుని ఎన్ని ఉల్లిపాయలు తరిగామో.”

“మెల్లగా, అమ్మమ్మా.”

మనవరాలు ఆసుపత్రిలో నర్సు. ఒక్కరోజు సెలవు కోసం పెద్ద నర్సుతో చివాట్లు తిని, నాలుగు గంటలు బస్సులో కుదుపులు తిని ముసలావిడను ఇక్కడికి తీసుకొచ్చింది. తీసుకురాక చస్తుందా? నెలరోజులుగా ఇంట్లో ఒకటే పోరు. “పీట ఇంటికి చేరాలే. ఇంకా ఆలస్యం చేస్తే లాభం లేదు.” ఆ మాట విన్నప్పుడల్లా మనవరాలికి గుండె కలుక్కుమనేది. పక్కింటి ముసలమ్మ మంచం పట్టినప్పటి నుంచే ఈ బెంగ ముదిరింది. మనవరాలు రోజూ వెళ్ళి ఆవిడకి బీపీ చూసి రాగానే అమ్మమ్మ గుమ్మంలోనే నిలేసేది. “దానికి ఇంకెన్నాళ్ళంటావే?” చావు పక్కింటిదాకా వస్తే తన వంతు గుర్తు రాదా మరి, అనుకుని జాలిపడింది మనవరాలు.

ఆ పక్కింటావిడదీ ఓ వింత స్వభావం. కాళ్ళాడినన్నాళ్ళూ రోజూ సాయంత్రం కబుర్లకి వచ్చేది. కుర్చీ వేస్తే మాత్రం “నాకెందుకమ్మా ఈ మర్యాదలు” అని మూతి మూడు వంకర్లు తిప్పి నేలమీదే చతికిలపడేది.

మ్యూజియం ఆఫీసరు ఫైలు చంకన పెట్టుకుని వచ్చాడు. పీట ఇవ్వడం అతనికి సుతరామూ ఇష్టం లేదు. టికెట్టు మీద అచ్చేసిన బొమ్మ దానిదే మరి.

“మామ్మగారూ, రిజిస్టరులో మీ ఆయన పేరే ఉంది, కాదనను. మీ ఇంటినుంచే తెచ్చారు. కానీ ఇది తెగ మొత్తానికి పవిత్రమైన వస్తువు. ఒక్కరి చేతికి ఇవ్వడం కుదరదు.”

“వంటింటి పీట అయితేనో?”

“అలా అని రుజువైతే ఇవ్వక తప్పదు. రూలు అదే.”

“అయితే పెన్ను తియ్యి బాబూ.”

ఆఫీసరు అద్దంలోంచి వేలు చూపించాడు. “ఈ నల్లటి గుండ్రం సూర్యుడికి గుర్తు. దానిమీద మా దగ్గర పుస్తకమే ఉంది.”

“కాగుతున్న గిన్నె దించితే పడ్డ మచ్చ అది. దించిన చేతులు ఇవే. ఆ రోజు తిన్న తిట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి.”

“మరి అంచున ఈ గాట్లు? గడిచిన చలికాలాల లెక్క.”

“పిల్లకి పళ్ళొచ్చే రోజుల్లో కొరికింది. ఏది ఇచ్చినా ఉమ్మేసేది, పీట మాత్రం కమ్మగా నమిలేది.”

ఆ పిల్ల తన తల్లే అనుకుని మనవరాలు నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. ఇంటికెళ్ళాక అమ్మని ఏడిపించడానికి మంచి సరుకు దొరికింది.

“అసలు ఇది మీ దగ్గర్నుంచి ఎలా వచ్చింది?”

“మీవాడే, ఓ పరిశోధనాయన వచ్చాడు. కూర్చోమని వేశాం. లేచేటప్పుడు పీటని చంకన పెట్టుకుని లేచాడు. మా ఆయన మొహమాటానికి పుట్టిన మనిషి, పట్టుకెళ్ళండి అనేశాడు. ఆ రాత్రి నేను ఆయనకి అన్నం పెట్టలేదు.”

ఆఫీసరు ఇంకా నసిగాడు. అమ్మమ్మకి చిర్రెత్తుకొచ్చింది.

“ఆ పెట్టె తీసి దాన్ని కింద పెట్టి, నువ్వే కూర్చో. ఊగుతుంది. కుడివైపు ముందుకాలు పొట్టి. ఎడమకి ఒరిగి కూర్చుంటే బుద్ధిగా ఉంటుంది.”

తాళాలు వచ్చాయి. ఆఫీసరు కూర్చున్నాడు. సింహాసనం టకటకా ఊగింది. ఎడమకి ఒరిగాడు. ఆగింది. జనంలో ఎవరో చప్పట్లు కొట్టారు. తెగపెద్దలు ఇంత వంకరగా ఎందుకు కూర్చుంటారో చెప్పడానికి అతని దగ్గర పుస్తకం లేదు. లేచి కాగితం ముందుకు తోశాడు.

“ఇక్కడ, ‘యజమాని’ అన్నచోట సంతకం పెట్టండి.”

అమ్మమ్మ కళ్ళజోడు సర్దుకుని, కింద గీతలో ‘తీసుకెళ్ళేవారు’ అన్నచోట పెట్టింది.

“అక్కడ కాదండీ.”

“ఎక్కడైతే ఏం, పట్టుకెళ్ళేది నేనేగా.”

బస్సులో అమ్మమ్మ పీటని ఒళ్ళోంచి దించలేదు. మనవరాలు పట్టుకుంటానంటే ససేమిరా అంది. దారిపొడుగునా దాని పొట్టికాలు నిమురుతూ, “ఇంకా ఉందిగా? పొద్దున చూసొచ్చావుగా?” అని పక్కింటావిడ గురించి నాలుగుసార్లు అడిగింది. ఉందిలే అమ్మమ్మా, నువ్వూ ఉంటావులే, అని భుజం చుట్టూ చెయ్యి వేసింది మనవరాలు. కళ్ళు చెమర్చాయి కూడా.

పొద్దు వాలే వేళకి వీధిలోకి వచ్చారు. మనవరాలు గేటు తీసి వెనక్కి చూస్తే అమ్మమ్మ లేదు. పీట చంకలో పెట్టుకుని గబగబా పక్కింటి మెట్లెక్కుతోంది.

“అమ్మమ్మా, మన ఇల్లు ఇటు.”

“తెలుసులేవే.”

మనవరాలు వెనకే పరిగెత్తింది. లోపల అమ్మమ్మ మంచం పక్కన పీట వేసి, దానిమీద కూర్చోకుండా, తప్పు చేసిన బడిపిల్లలా చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

పక్కింటి ముసలమ్మ తల తిప్పింది. నల్లమచ్చ చూసింది. అంచున గాట్లు చూసింది. చెయ్యి చాపి పీటని ఓసారి ఊపింది, టకటకమంది.

“ఒక్క పూటకని కదే నా పీట పట్టుకెళ్ళావు,” అంది.