అందం కోడ్

“అందం కోసం కాదు సార్, నడవడం కోసం,” అంది జెస్సికా ఫోన్లో. రెండో చేత్తో బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

“లైపోసక్షన్ అని మీరే పంపారు కదా మేడమ్! కొవ్వు తీయించుకోవడం మా దృష్టిలో కాస్మెటిక్కే. పాలసీలోకి రాదు,” అన్నాడు అవతల ఇన్సూరెన్స్ కంపెనీ డాక్టరు దుర్గాశంకర్.

“ఆపరేషన్ పేరు అదే సార్. జబ్బు పేరు లిపిడీమా. కోడ్ మార్చి మళ్లీ పంపాను. ఒక్కసారి చూడండి.”

“చూస్తాను. ఐదులోపు చెబుతాను. దాటితే ఇక సోమవారమే.”

ఫోన్ పెట్టేసి గడియారం చూసింది. మూడుంబావు. గవర్నర్‌పేటలోని ఆ చిన్న ఆసుపత్రిలో జెస్సికా చేరి రెండేళ్లయింది. అంతకుముందు ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసేది. బిల్లింగ్, కోడింగ్ రెండూ ఆమె పనే. రోగికి ఏం జబ్బు, ఏం చికిత్స అన్నది ఇన్సూరెన్స్ వాళ్లకు అంకెల్లో చెప్పాలి. ఒక్క అంకె తేడా వచ్చిందంటే జబ్బు కాస్తా సోకు అయి కూర్చుంటుంది. ఈ ఆపరేషన్ చేసే సర్జన్ హైదరాబాదు నుంచి నెలకొక్క శనివారం వస్తాడు. రేపే ఆ శనివారం.

కౌంటరు ముందు బెంచీ మీద వెంకటరావమ్మ కూర్చుని ఉంది. మంగళగిరిలో చేనేత పని చేసే మనిషి. యాభై దాటాయి. ముఖం, చేతులు సన్నగానే ఉంటాయి. నడుము నుంచి చీలమండల దాకా మాత్రం లిపిడీమా కొవ్వు పేరుకుని కాళ్లు దిమ్మల్లా లావెక్కిపోయాయి. కాస్త గట్టిగా ముట్టుకుంటే చాలు, కమిలిపోతాయి.

“ఏమన్నారమ్మాయ్?”

“చూస్తామన్నారమ్మా.”

“పోయినసారీ అట్టాగే అన్నారు.”

జెస్సికా కంప్యూటర్ వైపు తిరిగింది. తెర మీద కొత్తగా ఏమీ లేదు.

“మూడేళ్లయింది,” అంది వెంకటరావమ్మ. “అప్పుడు గుంటూరు ఆసుపత్రోళ్లు నా కాగితాలు పంపారు. ఇన్సూరెన్స్ ఆఫీసు నించి కాగితం వచ్చింది. ఇది అందం కోసం చేయించుకునేది, తిండి తగ్గిస్తే సరిపోద్దని రాశారు. రాత్రిపూట అన్నం మానేశా. ముఖం పీక్కుపోయింది గానీ కాళ్లు తగ్గితేనా?”

“మరి మగ్గం?” అంది జెస్సికా తల తిప్పకుండానే.

“గుంట మగ్గం కదా! గుంటలోకి కాళ్లు పెట్టి చెక్కలు తొక్కాల. ఓ రోజు పైకి లేవలేకపోతే ముగ్గురొచ్చి లాగారు. పక్కిళ్ల పిల్లలంతా చూస్తన్నారు. ఆ సిగ్గుతో మళ్లీ మగ్గం జోలికి పోలా. ఇప్పుడు ఎవరికో కండెలకి నూలు చుట్టిపెడతన్నా.”

 జెస్సికా నీళ్ల సీసా అందుకుంది గానీ తాగలేదు.

నాలుగున్నరకు ఫోన్ మోగింది.

“మేడమ్, ఈవిడ పేరు మీద పాత ఫైలొకటుంది. అప్పుడే కాస్మెటిక్ అని తిప్పి పంపారు. మావాళ్లే కాదన్నదాన్ని ఇప్పుడు నేను ఔనంటే నన్ను నిలదీస్తారు.”

“ఆ ఫైలు చివరిదాకా చూడండి సార్. గుంటూరు ఆసుపత్రి వాళ్లు పంపిన కాళ్ల ఫొటోలుంటాయి. ఆర్నెల్లు ఫిజియోథెరపీ చేయించిన రిపోర్టు కూడా ఉంటుంది.”

అవతల కీబోర్డు చప్పుడు.

“ఉన్నాయి,” అన్నాడు దుర్గాశంకర్ చివరికి. గొంతు మారింది. “పాదాలు మామూలుగానే ఉన్నాయి, పైనంతా ఇలా... ఇది లిపిడీమాయే. చూస్తేనే తెలుస్తోంది. ఇవన్నీ పెట్టుకుని ఎలా తిప్పి పంపారో!”

“తెరిచి ఉండరు సార్. రోజుకు ఎనభై ఫైళ్లు. లైపో అన్న మాట కనబడగానే బటన్ నొక్కేసి ఉంటారు.”

“అంత తేలిగ్గా అనేస్తారేంటి మేడమ్? ఆవిడ మూడేళ్లు ఈ కాళ్లతోనే కదా నడిచింది!”

జెస్సికా బెంచీ మీదున్న వెంకటరావమ్మ వైపు చూసింది.

“సరే. ఆ నిర్ణయం తప్పని రాసి, సంతకం పెట్టి పంపండి. అడిగితే చూపించడానికి నాకో కాగితముండాలి. రేపు ఎంక్వైరీ అంటూ వస్తే మీ పేరే ముందుంటుంది. ఆలోచించుకోండి.”

నాలుగు వాక్యాల ఉత్తరం. మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేసింది. చివరికి సంతకం పెట్టి, స్కాన్ చేసి పంపేసరికి ఐదుకు పన్నెండు నిమిషాలుంది. తెర వైపు చూస్తూ కూర్చుంది. బయట బస్సు హారను మోగితే ఉలిక్కిపడింది.

ఐదుకు ఇంకా రెండు నిమిషాలుందనగా తెర మీద ఆకుపచ్చ అక్షరాలు మెరిశాయి. ఆపరేషన్‌కు అనుమతి వచ్చింది.

“వచ్చిందమ్మా! రేపు పొద్దున్నే ఆపరేషన్.”

వెంకటరావమ్మ గోడ పట్టుకుని మెల్లగా లేచి వచ్చింది. కౌంటరు మీదుగా జెస్సికా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

“నీ కడుపు చల్లగుండ! కన్నకూతురు కూడా ఇంత తాపత్రయపడదు. అదేందమ్మాయ్, చెయ్యి లాక్కుంటన్నావ్? పనైపోయిందిగా, ఇంకా దేనికి దిగులు?”

జెస్సికా కౌంటరు తలుపు తీసుకుని ఇవతలికి వచ్చింది. ఆమెను జాగ్రత్తగా బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కనే తనూ కూర్చుంది.

“ఆ కాగితం రాసినోళ్లు ఎప్పుడన్నా కనపడితే ఒక్క మాట అడగాలనుండేది,” అంది వెంకటరావమ్మ కళ్లు తుడుచుకుంటూ. “అసలు నా కాళ్లు చూసి రాశారా అని.”

“చూడలేదమ్మా.”

“నీకెట్టా తెలుసు?”

“రాసింది నేనే.”