ఎప్పటికీ రాని మనిషి ఫోటో

గుమ్మం ముందు ఎవరు నిలబడ్డారో కెమెరాలో చూసి, తనలోని ఫోటోలతో పోల్చి పైకి చెప్పే ప్లగిన్ ఒకటి రాస్తోంది మా మనవరాలు. ఆ రాత్రి దాన్ని ఇన్‌స్టాల్ చేయకుండా, తన ల్యాప్‌టాప్‌లోనే నడిపి చూస్తోంది. అందులో ఒక్క ఫోటోయే పెట్టింది. వాళ్ళ నాన్నది.

"వాడి ఫోటో దేనికే తల్లీ?" అన్నాను. నా కూతురి తల సుత్తితో పగలగొట్టి చంపి, జైల్లోనే చచ్చాడు వాడు.

"ఎప్పటికీ రాని మనిషి కావాలి అమ్మమ్మా. ఇది నోరెత్తకపోతే పాసైనట్టు."

"నాన్న వచ్చాడు," అంది ల్యాప్‌టాప్.

మనవరాలు నవ్వింది. "తప్పు వాగుతోంది. గుమ్మం కెమెరా ఇంకా కలపనే లేదు. నువ్వు హడలిపోకు." అని మూత వేసేసింది.

తలుపు మీద దెబ్బ పడింది. సుత్తి చప్పుడు నాకు కొత్త కాదు. రెండో దెబ్బకు చెక్క చీలింది. మనవరాలిని వెనక్కి లాగి తలుపుకు అడ్డం నిలబడ్డాను.

మూసిన ల్యాప్‌టాప్ మళ్ళీ మాట్లాడింది. "అమ్మ వచ్చింది."

అందులో నా కూతురి ఫోటో లేదు.

ఆ తర్వాత దెబ్బలు తలుపు మీద పడలేదు. మెత్తటిదేదో నలుగుతున్న చప్పుడు వినిపించింది.

"అమ్మా, తలుపు తియ్యవే!"

నా కూతురి గొంతే. మనవరాలు గడియ మీద చెయ్యి వేసింది. గడియ తియ్యనివ్వకుండా ఆ చేతిని రెండు చేతులా పట్టుకున్నాను.