వేడినీళ్ల పరీక్ష

ఆ స్పోర్ట్స్ కారు ఇంజనుకి, పైన మూతల్లా బిగించే సిలిండర్ హెడ్లు ఎంచేసరికి మేస్త్రీకి తల ప్రాణం తోకకొచ్చింది.

పాతవి రెండూ వేడికి వంగిపోయాయి. ఇదివరకే రెండుసార్లు చెక్కించారు, మళ్లీ చెక్కడానికి మందం లేదు. కంపెనీ నుంచి కొత్తవి రావాలంటే నాలుగు నెలలు. బండి యజమానురాలికేమో వచ్చే ఆదివారమే పందెం.

వారమంతా ఫోన్లు చేయగా చేయగా, పాత స్టాకు అమ్మే డీలరు దగ్గర పెట్టె విప్పని జత ఒకటి దొరికింది. ఎప్పుడో మూతపడిన ఫౌండ్రీలో, పందెం బండ్ల కోసమే పోతపోసిన సరుకు.

"ఇవే ఖాయం చేద్దామమ్మా," అన్నాడు మేస్త్రీ ఫోనులో.

"మీరు బాగున్నాయంటే ఇంక నాకు మాటలేదు మేస్త్రీగారూ. గంటకి రెండొందల వేగంలో వెళ్లేది నేనే గానీ, ధైర్యం మాత్రం మీది," అని నవ్విందామె.

ఫోను పెట్టేసి, తెచ్చిపెట్టుకున్న హెడ్ల పక్కనే స్టూలు మీద కూలబడ్డాడు. ముప్పయ్యేళ్లు ఇంజన్ల మీద వంగిన నడుం. ఇప్పుడది వంగమంటే వంగదు, లేవమంటే లేవదు.

అప్పుడే గుమ్మంలోకి ఒక పెద్దాయన వచ్చాడు. నలిగిన చొక్కా, భుజాన సంచి, బస్సు ప్రయాణంలో మొహమంతా పట్టిన దుమ్ము.

"ఆ హెడ్ల మీద నంబరు ఒకసారి చూడొచ్చా?"

"అమ్మకానికి కాదండీ."

"కొనడానికి రాలేదు బాబూ. డీలర్ని బతిమాలి మీ అడ్రసు తీసుకున్నా."

మేస్త్రీ ఔననే లోపలే ఆయన వంగి, అంకెల మీద వేలు పెట్టి తడిమి తడిమి చదివాడు. సంచిలోంచి డైరీ తీసి పోల్చి చూసుకున్నాడు.

"వీటిని బిగించకండి."

"ఎందుకూ? గాలి పట్టించి నీళ్లలో ముంచి చూశాను. ఒక్క బుడగ రాలేదు."

"చన్నీళ్లలో రాదు. చెయ్యి పెట్టలేనంత వేడినీళ్లలో ముంచండి. వాల్వు కూర్చునే చోట, లోపల పగులుంటుంది. చల్లగా ఉన్నంతసేపూ మూసుకునే ఉంటుంది. బండి వేగమందుకున్నాక తెరుచుకుంటుంది."

"అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు?"

"వీటిని తనిఖీ చేసింది నేనే."

మేస్త్రీకి ఒళ్లు మండింది. వారం రోజుల విసుగంతా నాలుక మీదకొచ్చింది.

"బాగుంది పెద్దాయనా! పగులుందని తెలిసీ సంతకం పెట్టి బయటికి వదిలేశారు. ఇన్నేళ్లకి నిద్రలేచి, బిగించొద్దని చెప్పడానికొచ్చారు. జీతం తీసుకున్నప్పుడు గుర్తు రాలేదా?"

పెద్దాయన ఏదో చెప్పబోయి ఆగాడు.

"నన్నేమన్నా అనండి. ముందు పరీక్ష చెయ్యండి," అని కాగితం మీద ఫోను నంబరు రాసిచ్చాడు. "ఏం తేలిందో చెబితే డైరీలో రాసుకుంటాను."

కనీసం కూర్చోమని కూడా అనలేదు మేస్త్రీ. ఆయన ఎండలో బస్టాపు వైపు నడిచి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున మేస్త్రీ హెడ్డు ఎత్తి ఇంజను మీద పెట్టాడు. మొదటి బోల్టు చేతిలోకి తీసుకున్నాడు. ఎంతసేపటికీ చెయ్యి ముందుకి పోలేదు.

"ఛీ, ఈ ముసలాయన నా బుర్రలో పురుగు దూర్చి పోయాడు," అని గొణుక్కుంటూ తొట్టెలో నీళ్లు కాచాడు.

పది నిమిషాలు ఏమీ లేదు. పదిహేనో నిమిషంలో ఆవగింజంత బుడగ ఒకటి పైకి తేలింది. దాని వెనకే ఇంకొకటి. తర్వాత వరసగా, ఆగకుండా.

రెండో హెడ్డూ అంతే.

గంటకి రెండొందల వేగం. నీళ్లు సిలిండర్లోకి దిగి, ఇంజను బిగుసుకుపోయి, చక్రాలు ఒక్కసారిగా పట్టేస్తే... ఆపైన ఆలోచించలేక తొట్టె గట్టు పట్టుకుని నిలబడిపోయాడు.

బండి యజమానురాలికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. "పందెం ఇంకోటి వస్తుంది లెండి," అందామె. ఆ జతని మరెవరూ వాడకుండా సుత్తితో బద్దలుకొట్టాడు. కంపెనీ నుంచి హెడ్లు తెప్పించాడు.

పెద్దాయనకి ఫోను చెయ్యాలని రోజూ అనుకున్నాడు. అన్న మాటలు గుర్తొచ్చి ఏ మొహం పెట్టుకుని చెయ్యడమా అనిపించేది. రేపు, ఎల్లుండి అంటూనే నాలుగు నెలలు గడిచాయి.

కొత్త హెడ్లతో ఇంజను పలికిన రోజున చేశాడు.

ఒకావిడ ఎత్తింది.

"ఆయన లేరు బాబూ. పోయి పద్దెనిమిది రోజులైంది. నేను ఆయన భార్యని."

మేస్త్రీ తానెవరో చెప్పుకున్నాడు.

"హెడ్ల సంగతేనా? నంబరు చెప్పండి, డైరీ నా దగ్గరే ఉంది."

చెప్పాడు. పగిలే ఉన్నాయని, బద్దలుకొట్టేశానని చెప్పాడు. అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు, పెన్ను గీసిన చప్పుడు వినిపించాయి.

"ఇలా పగిలినవి ఇంకా పదకొండు దొరకాలి," అందావిడ. "తిరగడం నా వల్ల కాదు. డీలర్లకి ఫోన్లు చేస్తున్నాను."

"అమ్మా, ఆరోజు నేనాయన్ని నానా మాటలూ అన్నాను," అన్నాడు మేస్త్రీ. "చేసిన తప్పు దిద్దుకోడానికి ఆ వయసులో ఊరూరా తిరిగిన మనిషిని..."

"తప్పా?" ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మిగతా అందరూ సంతకాలు పెట్టినా, తను పెట్టనన్నందుకే కదా బాబూ, ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసింది!"