మాస్టారి పెట్టె

పెట్టె మెట్ల మీద దొర్లుకుంటూ పోయి కింద గచ్చు మీద బోర్లా పడింది. కంగారయ్య పై మెట్టు మీదే కొయ్యబారిపోయాడు.

అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఏ పని ముట్టుకున్నా చేతులు తడబడతాయి కాబట్టి కంగారయ్య. టీవీ రిపేరు కొట్టులో చేరాడు, పంపించేశారు. సినిమా హాల్లో చేరాడు, అక్కడా అంతే. ఇప్పుడు సంగీతం మాస్టారి దగ్గర సామాన్లు మోసే పని. ఇంట్లో భార్యకు నెలలు నిండాయి. "ఈ పని కూడా పోగొట్టుకొచ్చారంటే నేను పుట్టింటికి పోతాను. పుట్టేవాడికి మీ మొహం కూడా చూపించను" అని ఆవిడ పొద్దున్నే తెగేసి చెప్పింది.

మరి పడింది మామూలు పెట్టా? పాడైన కంప్యూటర్ కీబోర్డులూ, టీవీ రిమోట్ల బటన్లూ ఏరుకొచ్చి మాస్టారు సొంతంగా చేసుకున్న వాయిద్యం! దానికి సొంత గొంతు లేదు. బటన్ నొక్కితే ల్యాప్‌టాప్‌కు కబురు వెళ్తుంది, ఆ స్వరం స్పీకర్లలో పలుకుతుంది. చెత్తలోంచి సంగీతం పుట్టించాడని పేపర్లవాళ్ళు ఆయన్ని ఆకాశానికెత్తేశారు. ఎన్నిసార్లు వాయించినా ఒక్క స్వరం అటూ ఇటూ కాదు. సాధనంటే అదీ అంటారు జనం.

ఆ పెట్టె మూత మాస్టారు ఎవర్నీ తీయనివ్వరు. "తీసినవాడికి నా దగ్గర నీళ్ళు కూడా పుట్టవు" అని మొదటిరోజే చెప్పారు.

సాయంత్రమే కచేరీ. మాస్టారు హోటల్ గదిలో కునుకు తీస్తున్నారు, తెర లేచే వేళకు గానీ రారు. కంగారయ్య స్టేజీ వెనక గదిలో దూరి, గడియ పెట్టి, మూత తీశాడు.

లోపల ఒక్క తీగా దేనికీ అంటుకుని లేదు. అన్నీ తెగి, కొసలకు దుమ్ముపట్టి వేలాడుతున్నాయి.

"ఒక్క దెబ్బకే ఇంత నాశనమా దేవుడా!" అని నెత్తి బాదుకున్నాడు.

బావమరిదికి ఫోన్ చేశాడు. అతనిది పాత ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్టు.

"ఏం బావా, ఈ ఉద్యోగం కూడా అయిపోయిందా?"

"నీకు దండం పెడతాను, ఎగతాళి తర్వాత. చచ్చిన కీబోర్డులు, రిమోట్లు ఏవుంటే అవి గోతాంలో వేసుకురా. మీ అక్కకి చెప్పావో, నేను బతకను."

బావమరిది గోతాంతో వచ్చి పెట్టెలోకి తొంగి చూసి నాలిక్కరుచుకున్నాడు. "నిజం చెప్పెయ్ బావా. మహా అయితే రెండు కొడతారు."

"కొడితే పడతాను. పొమ్మంటేనో?"

బావమరిది గోతాం బోర్లించాడు.

టీవీ కొట్టులో తిట్లు తింటూ నేర్చిన పని ఇవాళ అక్కరకొచ్చింది. ఒక కీబోర్డు పొట్ట కోస్తే లోపలి బోర్డు తుప్పుపట్టి ఉంది. రెండోది పగుళ్ళు. మూడోదాంట్లో ప్రాణం ఉంది. రిమోట్ల రబ్బరు బటన్లు అరిగిపోయిన చోట సిగరెట్ పెట్టెలోని వెండికాగితం కత్తిరించి అతికించాడు. వేళ్ళు కాల్చుకుంటూ తీగ తర్వాత తీగ టంకం పెట్టాడు. పైన గీతలు పడ్డచోట బావమరిది బూట్ పాలిష్ రుద్దాడు.

స్టేజీ మీద ల్యాప్‌టాప్‌కు కలిపి బటన్ నొక్కాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"అయిపోయింది. నా బతుకింతే" అని కంగారయ్య కింద కూలబడ్డాడు.

"ఉండు బావా, ల్యాప్‌టాప్‌లో వాయిద్యాల ప్రోగ్రామే తెరిచి లేదు కదా!"

వెతికి తెరిచారు. ఏ బటన్‌కూ ఏ స్వరమూ కట్టి లేదు. ఇదీ తన పాపమే అనుకుని, ఒక్కొక్క బటన్‌కూ ఒక్కొక్క స్వరం కట్టుకుంటూ వచ్చాడు కంగారయ్య. మళ్ళీ నొక్కాడు. స్పీకరు ఖంగుమంది.

బావమరిది ఎగిరి గంతేశాడు. కంగారయ్య మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చేశాడు. పుట్టి బుద్ధెరిగాక అతను సరిగ్గా చేసిన పని ఇదొక్కటే.

"పెదవి దాటితే పృథివి దాటుతుంది బావా. ఇద్దరం నోళ్ళు కుట్టేసుకుందాం" అన్నాడు బావమరిది. ప్రోగ్రాం అలాగే తెరిచి ఉంచి ఇద్దరూ పక్కకు తప్పుకున్నారు.

హాలు కిక్కిరిసింది. మాస్టారు పట్టుచొక్కాలో వచ్చారు. "పెట్టె భద్రమేగా?"

"భద్రం మాస్టారూ" అన్నాడు కంగారయ్య.

చప్పట్లు మోగాయి. మాస్టారు జనానికి నమస్కరించి, ఎప్పటిలాగే ల్యాప్‌టాప్ మీద ఒక్క మీట నొక్కి, కళ్ళు మూసుకుని, పదివేళ్ళూ బటన్ల మీద కురిపించారు. తెర చాటున కంగారయ్య దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు, ఒక్క బటన్ కూడా మొరాయించకూడదని.

ఒక్కటీ మొరాయించలేదు. తియ్యటి పాట అందుకుంది. దాని మీద పడి, డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు ఒకటే గోల. ముందు వరుసలో చంటిపిల్ల గుక్కపట్టింది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చచ్చాన్రా! స్వరాలన్నీ తారుమారు కట్టేశాను" అని కంగారయ్య బావమరిది భుజం పట్టుకుని వేలాడిపోయాడు.

మాస్టారు ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు. నిప్పు ముట్టుకున్నట్టు పెట్టె మీంచి రెండు చేతులూ పైకి లాక్కున్నారు.

గోల టక్కున ఆగిపోయింది, పాట మాత్రం ఆయన చేతులు గాల్లో ఉండగానే ఎప్పటిలాగే ఒక్క స్వరం తప్పకుండా సాగిపోతూనే ఉంది.