తెల్లబడ్డ మేకు

పోయిన చలికాలం మా అటక మీద, చెక్క పైకప్పులోంచి లోపలికి పొడుచుకొచ్చిన మేకులన్నిటికీ మంచు పట్టింది. ఎండ రాగానే అదంతా కరిగి మా మంచం మీద కురిసింది. గదుల్లోని వెచ్చని ఆవిరి సందుల్లోంచి పైకి పాకితే ఈ మినెసోటా చలిలో జరిగేది ఇదే. ఈసారి ప్రతి సందూ మూసి, ప్లాస్టిక్ పట్టా పరిచి, దాని మీద వేడి పోకుండా ఆపే దూది నింపాను. ఏడాదిలోకెల్లా చలి ఎక్కువైన రాత్రి టార్చి పట్టుకుని పైకెక్కాను. మేకులన్నీ నల్లగా, పొడిగా ఉన్నాయి!

"గెలిచాం, మార్లిస్!" అని అరిచాను.

"మేకుల్ని తర్వాత ముద్దాడుదువుగానీ, ముందు దిగవయ్యా రాగ్నర్! సూప్ చల్లారిపోతోంది," అంది నా భార్య కిందనుంచి.

దిగబోతుంటే చూరు మూలన ఒక్క మేకు తెల్లగా కనిపించింది. దాని కింద వరండాయే గాని గది లేదు. మరి ఆవిరి ఎక్కడిది? చూస్తుండగానే పక్క మేకు తెల్లబడింది. తర్వాత దానికి ఇవతలిది. ఎవరో ఒక్కో మేకు మీదా ఊపిరి వదులుతూ వస్తున్నట్టుంది.

"పైన ఎవరితోనయ్యా ఆ గుసగుసలు?" అంది మార్లిస్.

నేనైతే ఊపిరి బిగబట్టే ఉన్నాను.

నా తల మీది మేకు తెల్లబడింది.